గాలిధార

ఎలక్ట్రానిక్ పరికరానికి విద్యుత్తు ప్రాణమైతే, తాపం పరమశత్రువు. 1946లో లోకానికి వెల్లడైన ఎనియాక్ గణనయంత్రంలో సుమారు 18,000 వాల్వులుండేవి. వాటిని చల్లబరచడానికి బ్లోయర్లతో గాలి తోలవలసి వచ్చింది. అయితే గాలి ఎంత వీచిందన్నదే కాదు, ఎలా తాకిందన్నదీ ముఖ్యమే.

వేడెక్కిన తలాన్ని అంటిపెట్టుకొని, మందంగా కదిలే గాలిపొర ఒకటి ఉంటుంది. పక్కగా వీచే గాలి చాలవరకు దాని మీదుగా జారిపోతుంది. సన్నని రంధ్రం నుండి నిటారుగా వచ్చి తాకే ధార ఆ పొరను పలుచన చేసి, వేడిని త్వరగా లాక్కుపోతుంది.

మా కళాశాల యాంప్లిఫయరు ముషాయిరా మధ్యలో మూగబోయే ప్రమాదం ఏర్పడినప్పుడు మేము నమ్ముకొన్నది దీనినే. పంఖా గాలి చాలలేదు. కొత్తది కొనే స్తోమత లేదు. బ్లోయరుకు రబ్బరు గొట్టం తగిలించి, దాని కొసను పవర్ ట్రాన్సిస్టరు హీట్‌సింకుకు ఎదురుగా నిలిపాం. ఆఖరి కవి చదివి ముగించేదాకా యాంప్లిఫయరు పలికింది. బ్లోయరు రొదను మాత్రం తెరవెనుక మా చెవులే భరించాయి.

1983 నాటి ఐబీఎం 4381 యంత్రంలోనూ చిప్పుల మాడ్యూళ్లపైకి గాలిని ఇలాగే సూటిగా తాకించారు. నీటి గొట్టాల బెడద తప్పింది. అయినా ధార తగిలినచోటే చలువ అధికం. దూరం జరిగినకొద్దీ తగ్గిపోతుంది. వేడి భాగాలు అనేకమైతే ధారలూ అనేకం కావలసిందే.