ఒక్క నోటికి సంగటి ఎవురు గెలుకుతారు?

బెంగళూరు నుంచి తిరుపతికి రోడ్డు మీద వస్తుంటే పలమనేరు దాటగానే హోటళ్ల బోర్డులు మారిపోతాయి. 'రాగిసంగటి, నాటుకోడి పులుసు' అని పెద్ద పెద్ద అక్షరాలు. చిత్తూరు, పూతలపట్టు, చంద్రగిరి... తిరుపతి దాకా ఇదే వరస. వీకెండ్ అయితే కారు ఆపడానికి చోటు దొరకదు. లోపల సంగటి ముద్దకి ఫొటోలు తీసుకునేది దాదాపు అంతా మన వయసోళ్లే.

అదే రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు ఏదో ఒక పల్లెలోకి పోండి. సంగటి తిని పెరిగిన అవ్వాతాతలు ఇప్పుడేం తింటున్నారో చూడండి. పొద్దున కాఫీలో బన్ను. మధ్యాహ్నం తెల్లన్నం, చారు. రాత్రికి మిగిలిన అన్నంలోకే నీళ్లమజ్జిగ.

సంగటి ఎందుకు మానేశావని ఒక అవ్వని అడిగితే నవ్వేసింది. "ఒక్క నోటికి సంగటి ఎవురు గెలుకుతారు నాయనా?"

నిజమే. సంగటి ఒక్కరి కోసం చేసుకునే వంట కాదు. నూకలు ఉడికాక రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా తెడ్డుతో గట్టిగా గెలకాలి. చేతిలో బలం ఉండాలి, తినడానికి ఇంట్లో నలుగురుండాలి. పిల్లలు బెంగళూరుకో చెన్నైకో పోయాక ఆ రెండూ లేవు. దానికి ముందే, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, వరి అన్నం రోజూ వంటైంది. ఆకలి తీరింది, ఆ మేలు కాదనలేం. కానీ పళ్లెంలోంచి రాగులు, ఉలవలు మెల్లగా తగ్గిపోయాయి.

లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో 10 కూడా ఉండదు. అరవై దాటినోళ్లకి రోజుకి కావాల్సింది 1200. ఉలవల్లో ఐదో వంతు ప్రొటీనే. అది తగ్గితే కండ కరుగుతుంది, కండ కరిగితే అడుగు తడబడుతుంది. ఒక్కసారి జారిపడితే తుంటి ఎముక విరగొచ్చు. 'వయసైపోయింది'లే అని మనం వదిలేసే నీరసంలో కొంత తిండి వల్ల వచ్చిందే.

ఈ పాత తిండి పళ్లూడిన నోటికీ సరిపోతుంది. సంగటిని నమలరు, మింగుతారు. చలికాలంలో అనపగింజలు నానబెట్టి, తోలు పితికేసి వండే పితికిపప్పు మెత్తగా ఉంటుంది. తెడ్డు తిప్పే ఓపిక లేకపోతే రాగిజావలో మజ్జిగ కలుపుకోవచ్చు. రాగుల్లో బి12 ఉండదు కాబట్టి పాలో, పెరుగో, గుడ్డో తోడుండాలి. షుగరో కిడ్నీ జబ్బో ఉంటే ఏది ఎంత తినాలో డాక్టర్‌ని అడగాలి. ఉన్నట్టుండి బరువు తగ్గినా చూపించాల్సిందే.

తిరుమల కొండ మీద 1985 నుంచి అన్నదానం నడుస్తోంది. ఈసారి వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూర్చున్నప్పుడు పక్కనున్న పెద్దోళ్లని గమనించండి. ఇంట్లో రెండు ముద్దలకే చాలనేవాళ్లు పంక్తిలో మారు వడ్డించుకుంటారు. పక్కన మనిషుంటే ముద్ద దిగుతుంది.

రోజూ ఫోన్లో మనం "తిన్నావా?" అంటాం. "తిన్నా" అంటారు. మాట అక్కడితో అయిపోతుంది. ఈ రాత్రి "ఏం తిన్నావ్?" అని అడగండి. ఈసారి ఊరికెళ్లేటప్పుడు హైవే హోటల్ దగ్గర ఆగకుండా నేరుగా ఇంటికే పోండి. తెడ్డు మీరు పట్టుకుంటే, సంగటి ఎట్లా గెలకాలో అవ్వే చెప్తుంది.