పాటలు పాడేవాళ్ళు ఏ పాటలు వింటారు?

డిసెంబరు వచ్చిందంటే చాలు, దేశదేశాల పత్రికలవాళ్ళూ ఒక పని తప్పకుండా చేస్తారు. పేరున్న సంగీతకారులని పదిమందినో ఇరవైమందినో పట్టుకుని "ఈ ఏడాదంతా మీరు బాగా విన్న ఆల్బంలు ఏవి?" అని అడిగి జాబితా వేస్తారు. ఈ జాబితాలంటే నాకు మహా సరదా. విమర్శకులు వేసే "టాప్ టెన్"ల కంటే ఇవే నయం అనిపిస్తుంది. మదీనా దగ్గర రోజంతా బిర్యానీ దించే వంటమాస్టరు రాత్రి ఇంటికెళ్ళి ఏం తింటాడో తెలుసుకోవాలని ఉండదూ? ఇదీ అలాంటిదే. ఆ జవాబులు కూడా తమాషాగా ఉంటాయి. రాక్ పాడేవాడు ఏ పాతకాలపు జాజ్ పేరో చెబుతాడు. డ్రమ్స్ కొట్టేవాడు పియానో ఒక్కటే ఉన్న రికార్డు పేరు చెబుతాడు. తను చేసే పనికి దగ్గరగా ఉన్నది వినేవాళ్ళు తక్కువ.

సరే, మనవాళ్ళని ఈ ప్రశ్న ఎవరైనా అడిగారా? మన ఇంటర్వ్యూలలో "మీ తర్వాతి సినిమా ఏంటండీ", "ఫలానా హీరోతో పని చెయ్యడం ఎలా ఉంది" దగ్గరే టైం అయిపోతుంది. పైగా మనకి ఆల్బం అంటే సినిమా కేసెట్టే. నిజానికి ఆల్బం అనే మాట పుట్టిందే వేరే రకంగా. 78 తిరుగుళ్ళ రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మరి కాస్త మోగేది. పెద్ద కచేరీ పట్టాలంటే అలాంటివి నాలుగైదు కావాలి. వాటన్నిటినీ ఫోటోల ఆల్బంలాంటి అట్టల పుస్తకంలో వరసగా పెట్టి అమ్మేవారు. 1948లో ఎల్పీ వచ్చాక పుస్తకం పోయింది, పేరు మిగిలింది. అంటే ఆల్బం అంటే ఒక్క కూర్పులో, ఒక్క వరసలో వినమని ఇచ్చినది అన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది.

ఎవరూ అడక్కపోయినా మనవాళ్ళేం విన్నారో కొంత తెలుస్తూనే ఉంది. సాలూరి రాజేశ్వరరావు గారు 1930లలో, ఇంకా కుర్రాడిగా ఉండగానే, కలకత్తా వెళ్ళి పంకజ్ మల్లిక్, సైగల్‌లని దగ్గర్నుంచి విన్నారు. 1951 నాటి మల్లీశ్వరి విన్నప్పుడు తెలుగుదనానికి పరాకాష్ఠ అంటాం కదా, ఆ మెత్తదనం వెనక బెంగాలు గాలి కూడా కాస్త ఉంది. బాలు గారైతే తన అభిమాన గాయకుడు రఫీ అని కనిపించిన ప్రతి వేదిక మీదా చెప్పారు. ఆయన అనంతపురంలో ఇంజనీరింగులో చేరిన మనిషి. శాస్త్రీయంగా నేర్చుకున్నది తక్కువ, విని పట్టుకున్నది ఎక్కువ. అలా పట్టుకునే 1980లో శంకరాభరణం పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు.

ఇక ఘంటసాల గారి సంగతి. ఈయన విన్నది బడే గులాం అలీ ఖాన్‌ని. ఊరికే వినడం కాదు, ఉస్తాద్ మద్రాసు వచ్చినప్పుడు తన ఇంట్లోనే ఆతిథ్యం ఇచ్చారు. ఒక్కసారి ఊహించుకోండి. ఒకాయన విజయనగరం సంగీత కళాశాలలో కర్ణాటక సంగీతం నేర్చుకుని తెలుగు సినిమాకి గొంతైనవాడు. ఇంకొకాయన కసూర్‌లో పుట్టి, పటియాలా ఘరానాకి పెద్దదిక్కై, దేశవిభజన తర్వాత తిరిగొచ్చి 1957లో మళ్ళీ భారత పౌరుడైనవాడు. మద్రాసులో ఒకే ఇంట్లో ఇద్దరూ! ఘంటసాల గారి వరసల్లో హిందుస్తానీ రాగాలు అంత చనువుగా తిరుగుతుంటాయంటే, ఆయన చెవి ఎటువైపు తెరుచుకుని ఉండేదో ఆలోచించాలి మరి. ఆ రోజుల్లో ఎవరైనా ఆయన్ని "ఈ ఏడాది ఏం విన్నారు" అని అడిగి ఉంటే ఏం చెప్పేవారో మనం సులువుగానే ఊహించొచ్చు.

ఇందులో మన హైదరాబాదు ముక్క ఒకటుంది. బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు గడిచింది ఇక్కడే. 1968 ఏప్రిల్లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో పోయారు. ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు. ఆయన సమాధి మాత్రం పాతబస్తీలో, సుల్తాన్ షాహీ దగ్గర దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. ఈ మీర్ మోమిన్ ఎవరో కాదు, కులీ కుతుబ్ షాకి పేష్వా. 1591లో చార్మినార్ చుట్టూ ఈ ఊరికి ప్లాను గీసినది ఆయనే అంటారు. మొఘల్-ఎ-ఆజం (1960) కోసం తాన్‌సేన్‌కి గొంతు ఇవ్వమని కె.ఆసిఫ్ వెంటపడితే, ఆయన్ని వదిలించుకోడానికి పాటకి పాతికవేలు అడిగారనీ, ఆసిఫ్ సరే అనేశాడనీ కథ చెప్తారు. ఆ పాతికవేల గొంతు మన ఆఫీసులకి ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉంది. వారాంతాల్లో నిహారీకి, హలీంకి పాతబస్తీ వెళ్ళే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

పాతబస్తీకీ సంగీతానికీ సంబంధం ఈ ఒక్క సమాధితో ఆగదు. బహదూర్ షా జఫర్ దర్బారులో పాడిన తాన్‌రస్ ఖాన్ 1857 తర్వాత తిరిగి తిరిగి నిజాం కొలువుకి చేరాడు. మన వార్సీ ఖవ్వాలులు ఆ పరంపరే. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారికి 1971లో పద్మశ్రీ వచ్చింది. మనవలు నజీర్, నసీర్ అన్నదమ్ములు ఆ పాటని కొనసాగించారు. ఇలాంటి ఇళ్ళలో నొటేషను పుస్తకాలు చూసి నేర్చుకోవడం ఉండదు. తాత పాడితే మనవడు వినాలి, తప్పు పాడితే తిట్లు వినాలి :). అంటే అక్కడ వినడం అనేది తీరిక వేళ చేసే పని కాదు, అదే చదువు.

అందుకే నా ప్రశ్న పట్టుకుని నిరుడు ఒకరి దగ్గరికి వెళ్ళాను. మా టీంలో ఒకబ్బాయిది షాలిబండ. వాళ్ళ చాచా నలభై ఏళ్ళుగా ఖవ్వాలీ పార్టీలలో ఢోలక్ వాయిస్తారు. మొదటి అంతస్తులో చిన్న గది, గోడకి రెండు ఢోలక్‌లు, కిటికీ పక్కన పాత టేప్ రికార్డరు. చాయ్ వచ్చాక అడిగాను.

"చాచా, పోయిన సంవత్సరం అంతా మీరు ఎక్కువగా విన్న ఆల్బం ఏది?"

"ఆల్బం గీల్బం నక్కో బేటా. ఒకటే కేసెట్ ఇన్న."

"ఒక్కటేనా? పెళ్ళిళ్ళలో కొత్త సినిమా పాటలు కూడా వాయిస్తారు కదా?"

"హౌ, అవి గూడ ఇంట. అది పని. నువ్వు ఆఫీసుల మెయిల్ చదువుతవ్ చూడు, గట్ల. గది ఇనుడు కాదు."

ఆ కేసెట్టు వాళ్ళ ఉస్తాద్‌ది. 1980లలో ఏదో ఉర్సు రాత్రి ఎవరో అభిమాని రికార్డు చేసిన 90 నిమిషాల టేపు. ఒకసారి తెగితే అతికించారు. రెండో కాపీ లేదు. దాంట్లో రెండో వైపు సుమారు పదిహేను నిమిషాలు దాటాక ఒక చోటుంది. కెహెర్వా, ఎనిమిది మాత్రలు, పాట మంచి ఊపులో ఉంది, చప్పట్లు పడుతున్నాయి. సరిగ్గా అందరూ గట్టిగా పడుతుందనుకునే దెబ్బ దగ్గర ఉస్తాద్ చెయ్యి ఎత్తేశారు. కొట్టలేదు. ఒక్క మాత్ర అంతే. గాయకుడి గొంతు ఒక్కటే గాల్లో నిలబడింది. తర్వాత మొత్తం గుంపు ఒక్కసారిగా వచ్చి పడింది.

"కొట్టేదంత నాకు ఆయననే నేర్పిండు. గీడ ఎందుకు కొట్టలేదో నేర్పలే. సాల్ నుంచి గదే చూస్తున్న," అన్నారు.

నాకు ఆ చోటు వినిపించమని అడిగాను. ఆయన నేరుగా వినిపించలేదు. రెండో వైపు మొదటి నుంచీ పెట్టారు! పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. మధ్యలో నా ఫోన్ మోగితే ఇబ్బందిగా చూశారు కానీ ఏమీ అనలేదు. ఆ చోటు వచ్చేసరికి నా వేళ్ళు అప్పటికే మోకాలి మీద తాళం వేస్తున్నాయి. దెబ్బ పడలేదు. మెట్ల మీద ఆఖరి మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనప్పుడు ఒళ్ళు ఝల్లుమంటుంది చూడండి, అలా అయింది. తాళజ్ఞానం పెద్దగా లేని నాకే!

ఇప్పుడు మన లెక్కలు చూద్దాం. స్పాటిఫైలో ఒక పాట ముప్ఫై సెకన్లు మోగితే చాలు, విన్నట్టే లెక్క. ఏడాది చివర రాప్డ్ అని రంగురంగుల బొమ్మలు వస్తాయి. ఇన్ని వేల నిమిషాలు విన్నారు, మీ అభిమాన గాయకుడు ఫలానా, అని. ఆఫీసు గ్రూపులో అందరం పెట్టుకుంటాం. అందులో నిజం లేదనను. కానీ మన నిమిషాల్లో చాలా భాగం బిల్డ్ అవుతున్నంతసేపూ, బగ్గు దొరక్క జుట్టు పీక్కున్నంతసేపూ, గచ్చిబౌలి ట్రాఫిక్కులో కూర్చున్నంతసేపూ వెనకాల మోగినవే. పక్కవాడి మాటలు వినపడకుండా పెట్టుకున్న పాటని విన్న పాట అనొచ్చా? పనిలో పాట పెట్టుకోవడం తప్పని కాదు, పొలంలో నాట్లేసేవాళ్ళూ పాడుకున్నారు. కాకపోతే ఆ పాట వాళ్ళే పాడుకున్నారు. ఇక్కడ తేడా ఉంది. చాచా లెక్క రాప్డ్‌లో పెడితే "ఒక ఆల్బం, ఒక కళాకారుడు" అని వస్తుంది. అల్గారిథమ్ ఆయన్ని రుచి లేని శ్రోత అనుకుంటుంది. నాకైతే ఆయనంత శ్రద్ధగా విన్నవాడు మా ఆఫీసు మొత్తంలో ఒక్కడు కూడా కనపడలేదు.

సాఫ్ట్‌వేర్ బుద్ధి కదా, "బ్యాకప్ లేకుండా ఎలా చాచా, డిజిటల్ చేసేద్దాం" అన్నాను. 90 నిమిషాల కేసెట్టులో టేపు అరవై నిమిషాల దానికంటే పలచగా ఉంటుంది, సాగుతుంది, చిక్కుపడుతుంది. నలభై ఏళ్ళ టేపు ఇంకోసారి తెగదని గ్యారంటీ ఏముంది? ఆయన ఒప్పుకోలేదు. కారణం చాదస్తం అనుకున్నారా, కాదు.

"ఫోన్ల ఏస్తే పోరగాండ్లు సీదా గా చోటుకే దుంకుతరు. ముంగట పంద్రా మినిట్ ఇనకుంటే గది ఏంది? ఖాళీ. అంతే గద."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిశ్శబ్దానికి విలువ ఇచ్చింది దాని ముందున్న పదిహేను నిమిషాలు. ముక్క కత్తిరించి రీల్ చేస్తే అందులో ఏమీ ఉండదు. ఆల్బం అంటే ఒక్క వరసలో వినేది అన్నాను చూడండి, ఆ సంగతి ఇంత బాగా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

కానీ టేపు పోతే వరసా పోతుంది, చోటూ పోతుంది. ఇది కూడా నిజమే కదా. రెండు నెలల తర్వాత వాళ్ళ అబ్బాయి చెప్పి చెప్పి ఒప్పించాడు. చాచా పెట్టిన షరతు ఒక్కటే: "ముక్కలు చెయ్యొద్దు." ఒక ఆదివారం లాప్‌టాపూ, ఒక కేబులూ తీసుకెళ్ళి ఆడాసిటీలో పట్టాం. కేసెట్టుకి కాపీ పేస్టు ఉండదు. 90 నిమిషాల టేపు పట్టడానికి 90 నిమిషాలూ పడుతుంది, ఎంత ర్యామ్ ఉన్నా సరే. ఆ గదిలో నేనూ, మా టీం అబ్బాయీ, చాచా మనవలు ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్నాం, మాట్లాడితే చాచా చూసే చూపు తెలుసు గనక. రెండు వైపులూ కలిపి సుమారు 950 ఎంబీ ఒకే ఫైలు అయింది. మనవల్లో చిన్నవాడు, పదేళ్ళుంటాయేమో, ఆ చోటు దాటగానే తలెత్తి తాతకేసి చూశాడు. చాచా ఏమీ మాట్లాడలేదు, నవ్వారంతే.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమంటే, పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఏం వింటున్నారో మనం అడగాలి. కీరవాణి గారినే అడగక్కర్లేదు. మీ వీధి గుడిలో నాదస్వరం ఊదేవారినీ, బారాత్‌లో మర్ఫా కొట్టే బర్కస్ కుర్రాళ్ళనీ, మీ మేనత్తకి వీణ నేర్పిన మాస్టారినీ అడగండి. వాళ్ళ దగ్గర ఇలాంటి కేసెట్టు ఒకటి ఉండే ఉంటుంది. ఉంటే ఒక కేబులు పట్టుకెళ్ళండి, మొత్తం విని రండి. ఫైలుని మాత్రం ముక్కలు చెయ్యకండి.