సెలవులు పోయాయి, తెలుగు వచ్చి పడింది

అమెరికా నుంచి అమ్మానాన్నలతో హైదరాబాద్ తిరిగొచ్చే పిల్లలకి మొదటి దెబ్బ క్యాలెండర్ దగ్గరే తగులుతుంది. అక్కడ చాలాచోట్ల బడి మే చివరో, జూన్ మొదట్లోనో మూస్తారు. ఇక రెండున్నర నెలలు ఆటలేనని లెక్కలేసుకుని విమానం దిగితే, ఇక్కడ జూన్ 12కల్లా బడిగంట కొట్టేస్తారు. వేసవి సెలవులకి ముందే పాఠాలు మొదలెట్టిన సీబీఎస్ఈ బడి అయితే, చేరిన రోజే నాలుగు పాఠాలు బాకీ.

ఆ తర్వాత తరగతి గది. అమెరికా మిడిల్ స్కూల్లో పీరియడ్ అయిందంటే పిల్లలే బ్యాగులు భుజాన వేసుకుని లెక్కల టీచర్ గదికో, సైన్స్ టీచర్ గదికో పోవాలి. ఇక్కడ పిల్లలు బెంచీ వదలరు, టీచర్లే మారుతుంటారు. మేడమ్ గుమ్మంలో అడుగు పెట్టగానే క్లాసంతా లేచి ‘గు...డ్ మార్నిం...గ్ మే...డమ్’ అని రాగం తీస్తుంది. కొత్త పిల్లాడు ముందు బిత్తరపోయి చూస్తాడు. వారం తిరిగేసరికి రాగంతో సహా వచ్చేస్తుంది.

తెలుగు మాత్రం అంత తేలిగ్గా రాదు.

2018లో తెలంగాణ చేసిన చట్టం ప్రకారం ఒకటి నుంచి పది దాకా ఏ బోర్డు బడిలోనైనా తెలుగు చెప్పాల్సిందే. ఫిల్మ్‌నగర్ పక్కనున్న భారతీయ విద్యాభవన్ అయినా, జూబ్లీహిల్స్ పబ్లిక్ స్కూల్ అయినా అంతే. ‘అన్నం తిన్నావా’, ‘ఇటు రా’ వరకే వచ్చిన పిల్లాడి ముందు ఒక్కసారిగా ఒత్తులూ, గుణింతాలూ వాలిపోతాయి. ‘క్ష’ రాయమంటే బొమ్మ గీసినట్టు గీస్తాడు. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం కాస్త కనికరించి, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ బళ్లలో తొమ్మిది, పది తరగతులకి ‘సింగిడి’ బదులు తేలికైన ‘వెన్నెల’ వాచకం పెట్టుకోమంది.

సినిమాలో అమెరికా పిల్ల వంకర తెలుగు మాట్లాడితే హాలంతా నవ్వుతుంది. ఆ డైలాగు రాసిన ఫిల్మ్‌నగర్ వీధుల్లోనే పుట్టి పెరిగిన పిల్లలు ఎంతమంది తడుముకోకుండా తెలుగు చదువుతారో చూడబోతే నవ్వు ఆగిపోతుంది. అటు కాలిఫోర్నియాలో సిలికానాంధ్ర సంస్థ 2007లో మొదలుపెట్టిన ‘మనబడి’ తెలుగు తరగతులకి పిల్లలు సెలవు రోజు వదులుకుని వెళ్లి అఆలు దిద్దుతున్నారు. హైదరాబాద్ తెలుగు విశ్వవిద్యాలయం వాళ్లకి పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లూ ఇచ్చింది.

ఇంతకీ అమెరికా చదువులో బట్టీ ఉండదని జూబ్లీహిల్స్ పెద్దల గట్టి నమ్మకం. కానీ అక్కడి ఇంగ్లిష్ స్పెల్లింగుల పోటీ, 2024 స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ గెలిచింది ఫ్లోరిడాలోని తెలుగింటి పిల్లాడు బృహత్ సోమ. చివరి పోటీలో 90 సెకన్లలో 29 మాటలకి సరైన స్పెల్లింగ్ చెప్పాడు. దాని వెనక ఎన్ని వేల మాటలు నోటికి పట్టి ఉంటాడో!

తిరిగొచ్చినవాళ్ల తెలుగు సంగతికొస్తే, నటుడు అడివి శేష్ హైదరాబాద్‌లో పుట్టి, అమెరికాలోని బర్కిలీలో పెరిగి, సినిమాల కోసం ఇటే వచ్చేశాడు. ‘క్షణం’కీ (2016), ‘గూఢచారి’కీ (2018) కథలు తనే రాసుకున్నాడు. మాటలు మాత్రం రెండిటికీ అబ్బూరి రవి రాశారు.