తేలని పద్దు

బ్యాంకుల్లో ‘సస్పెన్స్ అకౌంట్’ అని ఒక ఖాతా ఉంటుంది. డబ్బు వచ్చింది, కానీ ఎవరి పేర జమ కట్టాలో వెంటనే తెలియదు. అటువంటి మొత్తాన్ని తాత్కాలికంగా ఆ ఖాతాలో వేసి ఉంచుతాము. వివరాలు తెలిశాక అసలు పద్దుకు మారుస్తాము. తెలియక ముందే తొందరపడి ఎవరి ఖాతాలోనో వేస్తే ఆడిటరు ఊరుకోడు. బి.కాం. చదివి ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నవాణ్ణి. ఏడు నెలలుగా నా ఎడమ కాలు కూడా ఆ ఖాతాలోనే ఉంది.

సంపాదకులు మన ఊళ్ళ గురించి ఏదైనా రాయమన్నారు. మా కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి రాద్దామని కూర్చున్నాను. మనసంతా కాలి మీద ఉన్నప్పుడు బెల్లం పాకం గురించి కలం సాగలేదు. పైగా షుగరు ఉన్నవాణ్ణి. కనుక పాఠకులు మన్నించి, నా కాలి కథే వినాలి. ఒక మనవి మాత్రం ముందే చేసుకుంటాను. నేను డాక్టరును కాను. ఇక్కడ రాసినదాన్ని ఎవరూ తమ కాలికి అన్వయించుకోవద్దు.

మా కాపురం కోవిల్‌పట్టిలో, ఉద్యోగం విరుదునగర్‌లో. రోజూ రైలే. రైలుపెట్టె మెట్లు ఎక్కేటప్పుడు కాలు లేవక, కమ్మీ పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కోవలసి రావడం మొదట గమనించాను. వయసు అనుకున్నాను. తరువాత నడుస్తుండగా ఎడమ చెప్పు జారిపోవడం మొదలైంది. చెప్పుదే లోపమనుకుని, స్టేషను దగ్గర కుట్టే పెద్దాయనకు ఇచ్చాను. ఆయన ఇంట్లో మాట కూడా తెలుగే. చెప్పును అటూ ఇటూ తిప్పి చూసి, “సారూ, కుడిది బాగానే ఉండాది. ఎడమదాని ముక్కు ఇట్లా అరిగిపోయిందే, కాలు ఈడుస్తా నడుస్తుండారా?” అన్నాడు. నా జబ్బును మొదట పట్టుకున్నది ఆయనే. తరువాత చూసిన డాక్టర్లందరూ ఆ మాటనే ఇంగ్లీషులో చెప్పారు.

మా ఊరి డాక్టరు గారు చిన్న సుత్తితో మోకాలి కింద తట్టారు. కాలు ఎగిరి ఆయన బల్లకు తగిలింది. బలంగా ఎగిరింది కదా అని నేను సంతోషించాను. ఆయన సంతోషించలేదు. తాళంచెవి తీసి అరికాలి అంచున మడమ నుంచి పైకి గీశారు. బొటనవేలు మెల్లగా పైకి లేచింది. పెద్దవాళ్ళలో అది కిందికి ముడుచుకోవాలట. పైకి లేస్తే మెదడు నుంచి వెన్నుపాము గుండా కాలికి వచ్చే దారిలో ఎక్కడో అడ్డంకి ఉన్నట్టు. 1896లో బాబిన్‌స్కీ అనే వైద్యుడు పారిస్‌లో ఈ గుర్తును వివరించాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా రోగుల అరికాళ్ళు గీస్తూనే ఉంది. పసిపిల్లల్లో వేలు పైకి లేవడం సహజమేనని కూడా చెప్పారు. ఏడాది నిండని మా మనవడిదీ నాదీ ఒకే లక్షణమన్నమాట. “మదురైలో నరాల డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయకండి” అన్నారు. అపాయింట్‌మెంటు దొరికింది మూడు వారాల తరువాత.

మనలో ఒక చిక్కు ఉంది. ‘నరం’ అనే మాటను రెండింటికీ వాడతాము. ఇంజెక్షనుకు నరం దొరకలేదంటే అది రక్తనాళం. నరాల జబ్బు అంటే అది వేరు. పుస్తకాలవాళ్ళు ‘నాడి’ అంటారు గాని, మనకు నాడి అంటే చేయి పట్టుకుని చూసేది. ఇక మా వైపు గోడల మీద ‘నరంబు తళర్చ్చి’ అని పెద్ద అక్షరాలతో ఉండే ప్రకటనలు ఏ జబ్బు గురించో పాఠకులకు తెలియనిది కాదు. ఆఫీసులో ఎవరికైనా నరాల బలహీనత అని చెప్పాలంటే సిగ్గు. అందుకే మోకాలి నొప్పి అని చెప్పి సరిపెట్టాను. మా అమ్మకు ఎనభై దాటాయి. ఆమె మాత్రం ఏమీ అడక్కుండానే, “నాయనా, నడుముకు ఆముదం పట్టించి వేన్నీళ్ళు పోసుకో” అంది. పోసుకున్నాను. హాయిగా ఉంది. కాలు మాత్రం అట్లాగే ఉంది.

ఆ మూడు వారాల రాత్రుల గురించి ఎక్కువ చెప్పను. ఫోనులో వెతికితే మొదట కనబడేది మోటార్ న్యూరాన్ వ్యాధి. కండరాలను నడిపించే నాడీకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. తెలివి చాలామందిలో చెక్కు చెదరదు. అమెరికాలో లూ గెరిగ్ అనే బేస్‌బాల్ ఆటగాడికి 1939లో ఈ జబ్బని తేల్చారు, 1941లో పోయాడు. స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో రెండేళ్ళే గడువన్నారు, ఆయన 2018 దాకా బతికాడు. నేను పడుకునే ముందు లూ గెరిగ్‌ను, తెల్లవారాక హాకింగ్‌ను తలుచుకునేవాణ్ణి. అర్ధరాత్రి లేచి టార్చి వేసి పిక్క కండ అదురుతోందా అని చూసుకోవడం అలవాటైంది. చూస్తూ కూర్చుంటే ఎవరి కండ అయినా అదురుతుంది.

అందులోనే ‘మద్రాసు మోటార్ న్యూరాన్ వ్యాధి’ అనే పేరు కనబడింది. మన రాష్ట్రం పేరు జబ్బుకు పెట్టి ఉండటం చూసి గుండె ఝల్లుమంది. 1970లో మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి అనే మద్రాసు వైద్యులు ఈ రకాన్ని వర్ణించారు. ఇది ఎక్కువగా దక్షిణాదిలోనే కనబడుతుంది. చిన్న వయసులో మొదలవుతుంది, చెవుడు తోడవుతుంది, చాలా నెమ్మదిగా సాగుతుంది. నాకు యాభై ఏడు. చెవులు పక్కింటి టీవీ వినేంత బాగున్నాయి. అది నాది కాదని తేలి ఊపిరి పీల్చుకున్నాను.

ఒక ఆదివారం నోటు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. ఏ డిపాజిట్టు ఎక్కడ, నామినేషను ఎవరి పేర, లాకరు తాళం ఎక్కడ, ఎల్.ఐ.సి. పాలసీలు, ఇంటి పత్రాలు. భర్త పోయిన ఆడవాళ్ళు పాస్‌బుక్కు పట్టుకుని కౌంటరు ముందు నిలబడి, “ఇంకేమైనా ఉందా సార్?” అని అడగడం ఎన్నోసార్లు చూశాను. మా ఆవిడకు ఆ అవసరం రాకూడదు. నాలుగు పేజీలు నిండాయి. ఆమె కాఫీ తెచ్చి, పుస్తకం తీసుకుని, నిలబడే తిరగేసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమోనని భయపడ్డాను.

“ఇది మంచిదే, ఉండనీండి. కాలు సంగతి ఎక్కడ రాశారు?” అంది.

“కాలు సంగతి రాసేదేముంది?”

“ఆ డాక్టరు మనకిచ్చేది పది నిమిషాలు. ఎప్పటి నుంచి అంటే ‘కొన్నాళ్ళుగా’ అంటారు మీరు. అప్పుకు వచ్చినవాడు ‘ఏదో కొంచెం ఆదాయం ఉంది’ అంటే మీరు సంతకం పెడతారా?”

పుస్తకం వెనకవైపు తిప్పి ఆమే రాయసాగింది. మా ఆవిడకు తెలుగు మాటే గాని లిపి రాదు. తెలుగును తమిళ అక్షరాల్లో రాస్తుంది. వాటిలో ‘క’కూ ‘గ’కూ తేడా లేదు గనుక కాలి జబ్బు, గాలి జబ్బు ఒకేలా ఉంటాయి. నేను ఆంధ్రలో ఉద్యోగం చేసిన ఆరేళ్ళలో నేర్చుకున్న లిపితోనే ఇది రాస్తున్నాను. కానీ జ్ఞాపకం ఆమెదే గట్టిది. రైలు మెట్టు దగ్గర తడబాటు విరుదునగర్ మారియమ్మన్ పంగుని పొంగల్ వారంలో. చెప్పు జారడం చిత్తిరలో. సెణ్బగవల్లి అమ్మవారి గుడిలో కింద కూర్చుని, చేతులు ఊనకుండా లేవలేకపోయినది ఆడి శుక్రవారం నాడు. నాకు గుర్తే లేనివి రెండు ఆమె రాసింది. మిద్దె మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం, చొక్కా గుండీలకు ఎక్కువసేపు పట్టడం.

మదురై డాక్టరు గారు ముందు ఆ కాగితమే అడిగి తీసుకున్నారు. మా ఆవిడ చదివి చెబుతుంటే విన్నారు. గుండీల మాట దగ్గర ఆగి, నా రెండు చేతులూ చాపమన్నారు. పది సెకన్లలో ఎన్నిసార్లు పిడికిలి మూసి తెరవగలనో లెక్కపెట్టారు. ఇరవై రావాలట. నాకు పద్నాలుగే వచ్చాయి. అప్పుడు నాకు తట్టింది, ఈ మధ్య నోట్లు చేత్తో లెక్కపెడుతుంటే వేళ్ళు తడబడుతున్నాయి. మెషిన్లు వచ్చాక అలవాటు తప్పిందనుకున్నాను.

ఆయన ఎన్నో ప్రశ్నలు వేశారు. జబ్బు రోజుల్లో వచ్చిందా, నెలల్లోనా? 2025 జనవరిలో పుణెలో చాలామందికి వచ్చిన గిలియన్ బారే జబ్బయితే రోజుల్లోనే కాళ్ళు పడిపోతాయి. సుత్తితో తట్టినా కాలు ఎగరదు. అది కొట్టివేశారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ళుగా? పదకొండు. ఆ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, తగ్గితే వెన్నుపాము దెబ్బతినవచ్చు. రక్తపరీక్షలో అది అంచునే ఉంది. ఫ్లోరైడు నీళ్ళు తాగే ఊళ్ళో ఉన్నారా? ఉన్నాను, కనిగిరిలో. పొదిలి, కనిగిరి వైపు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీళ్ళ వల్ల ఎముకలు బిగుసుకుపోవడం గురించి 1937లోనే వైద్యులు రాశారు. నడుము వంగిపోయి, కాళ్ళు చచ్చుబడిన రైతులు అప్పు పత్రాల మీద వేలిముద్ర వేయడానికి మా బ్రాంచికి మంచం మీద రావడం నేను చూశాను. నా ఆరేళ్ళు అందుకు చాలవేమో అంటూనే ఆయన రాసుకున్నారు. విరుదునగర్ అంటే పప్పుల మార్కెట్టు గనుక కేసరి పప్పు గురించి నేనే అడిగాను. అది నెలల తరబడి అదే తిండిగా తినేవాళ్ళ కాళ్ళు తీస్తుంది గాని, మీ ఇంటి సాంబారుకు భయపడకండి అని నవ్వారు.

చివరికి మెడకు ఎం.ఆర్.ఐ. రాశారు. కాలికి జబ్బయితే మెడకు స్కాను ఎందుకని మా ఆవిడ అడిగింది. యాభై దాటినవాళ్ళలో మెడ ఎముకలు పెరిగి, అరిగిన డిస్కులు వెన్నుపామును నొక్కడం సాధారణమేనట. కాళ్ళకు వెళ్ళే తీగలన్నీ మెడలో నుంచే పోతాయి. అందుకే మెడ నొప్పి అంతగా లేకుండానే కాళ్ళు ముందు ఫిర్యాదు చేస్తాయి. చేతి వేళ్ళ తడబాటు కూడా అటే చూపిస్తోంది. అదే అయితే ఆపరేషనుతో ముదరకుండా ఆపవచ్చు, కొంత తిరిగి రావచ్చు కూడా. నేను రాత్రులు చదివినదాని పేరు నోటితో అనలేక తటపటాయిస్తుంటే ఆయనే అన్నారు: “మీరు అనుకుంటున్నది కూడా నా జాబితాలో ఉంది. దానికి ఒక్క పరీక్షతో అవునని చెప్పడం ఉండదు. మిగతావి కాదని తేలాలి, కాలం కూడా చూడాలి. ఇప్పటికైతే అది మొదటి వరుసలో లేదు.”

ఆయన అబద్ధం చెప్పి ధైర్యం చెప్పలేదు. అందుకే ఆ మాట నమ్మాను. ఆ రాత్రి టార్చి వెతకలేదు. మరునాడు వెతికాను.

స్కాను, సూది పరీక్ష రెండూ పద్దెనిమిదో తేదీన. సెలవు చీటీలో ఈసారి ‘నరాల పరీక్ష’ అనే రాశాను. మేనేజరు చదివి, తన తల్లికి మెడ ఆపరేషను అయిన సంగతి అరగంట చెప్పాడు. చెప్పులు కుట్టే పెద్దాయన కొత్త జత ఎడమదానికి ముందు భాగంలో రబ్బరు ముక్క అంటించి ఇచ్చాడు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. మా ఆవిడ డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రాసి పెట్టింది. మొదటిది, ఆపరేషను అయితే ఎన్నాళ్ళకు రైలు ఎక్కగలరు అని. రెండోది నాకు చూపించలేదు, పేజీ మడిచి పెట్టింది.