మర్యాదగా అడగమనేది ఎవరు?

పల్నాడు అని కొడితే మీ ఫోన్‌లో ఏం వస్తుంది? మీసం మెలేసే రీల్, మిర్చి కల్లం, ఎన్నికల రోజు గొడవ. నరసరావుపేటలో బస్సెక్కి కారంపూడి, దుర్గి వైపు నేను వెళ్లింది మాత్రం వేరే పనిమీద. ఎవరైనా రోడ్డెక్కితే చాలు, "అడిగేదేదో మర్యాదగా అడగొచ్చుగా" అంటుంటాం కదా! ఆ మాట బరువెంతో తెలియాలంటే ఈ ఊళ్లు చూడాలి.

ముందు కారంపూడి. నాగులేరు ఒడ్డున వీరుల గుడి. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవాలు. మందపోరు రోజున చాపకూడు పెడతారు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనానిని చేశాడని వీరగాథ చెబుతుంది. అందులో నినాదం లేదు, రాయి లేదు. కలిసి తినడం, అంతే. అయినా కులం లెక్కలు చూసేవాళ్లకి అంతకంటే పెద్ద అమర్యాద ఏముంటుంది? ఇంకో సంగతి గమనించండి. చాప పరిచినవాడు మంత్రి. అదే చాప కన్నమదాసు పరిచి పిలిచి ఉంటే ఎంతమంది వచ్చి కూర్చునేవాళ్లు? కట్టుబాటు తప్పినా చెల్లుబాటు కావాలంటే దానికీ హోదా కావాలి.

అక్కణ్నుంచి దుర్గి మండలం. మించాలపాడు కన్నెగంటి హనుమంతు ఊరు. ఊళ్లవాళ్లు పశువుల్ని మేపుకునే అడవిని బ్రిటిష్ ప్రభుత్వం రిజర్వు చేసి, మేతకి పన్ను వేసింది. అదే పుల్లరి. 1921లో పల్నాడు రైతులు కట్టం పొమ్మన్నారు. పర్మిట్ లేకుండానే పశువుల్ని అడవికి తోలారు. ప్రభుత్వ ఉద్యోగులకి ఊళ్లలో సరుకులు, సేవలు బంద్ పెట్టారు.

ఇక్కడ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టారు, లోపలి పోలీసులు చనిపోయారు. 12న బార్డోలీలో కాంగ్రెస్ ఉద్యమాన్ని ఆపేసింది. సరిగ్గా పది రోజులకి, 22న, హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణం వదిలాడు. గాంధీ భయం చిన్నదేం కాదు, మనుషులు కాలిపోయారు. కానీ తీర్మానం చేస్తే ఉద్యమం ఆగుతుందేమో గానీ, పశువు ఆకలి ఆగదు. "ఆగుదాం" అనగలగడం కూడా ఒక వసతే. అది అందరికీ ఉండదు.

అమెరికాలోనూ ఇదే తగువు. 1963లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివాళ్లు వీధుల్లోకొస్తే, ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలు ఇది సమయం కాదన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ జైలు నుంచే వాళ్లకి జవాబు రాశాడు. ఇన్నేళ్లూ ఆగమనే చెబుతున్నారు, ఇంకెన్నాళ్లు అన్నది దాని సారం. 2016లో కాలిన్ కేపర్నిక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు పోలీసు హింసకి నిరసనగా జాతీయగీతం వేళ ఒక మోకాలి మీద కూర్చున్నాడు. నోరెత్తలేదు, ఎవరికీ అడ్డం రాలేదు. అది కూడా అమర్యాదే అన్నారు! ఆ సీజన్ తర్వాత ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. మరి మర్యాదగా అడగడం అంటే ఎలా?

అలాగని ఎలా అడిగినా ఒప్పే అనలేం. పుల్లరి రోజుల్లో దొరతనాన్ని ఇబ్బంది పెట్టిన బహిష్కారాన్నే మన పల్లెల్లో పెద్దకులాలు దళితుల మీద వాడుతూ వచ్చాయి. 2017లో పశ్చిమగోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన వివాదంలో దళితుల్ని పనులకి పిలవడం మానేశారు. అక్కడా అరుపుల్లేవు, పద్ధతిగా కడుపు మాడ్చారు. అప్పటికే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక బహిష్కరణని నేరంగా చేర్చింది. పద్ధతి ఒకటే. అధికారం మీదకి ఎక్కుపెడితే నిరసన, అన్నం కోసం మనమీద ఆధారపడ్డవాడి మీదకి ఎక్కుపెడితే దౌర్జన్యం. గొంతు ఎంత పెద్దదని కాదు, ఎవరి మీద లేచిందని చూడాలి.

ఈ రెండు ముడుల్నీ కలిపి చూసిన మనిషి కూడా ఇక్కడివాడే. సత్తెనపల్లి వైపు వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ పుల్లరి ఉద్యమం కోసం జైలుకెళ్లారు. ఆ జైల్లోనే రాసిన నవల 'మాలపల్లి'. దొర మీద పోరాడుతూనే, ఊరి చివరి వాడ గురించి రాశారు. దాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

ఈసారి ఎవరైనా రోడ్డు మీద బైఠాయిస్తే, బండి ఆగిందని విసుక్కునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: వీళ్లు ఇప్పటికి ఎన్నిసార్లు మర్యాదగా అడిగి ఉంటారు? కార్తీకంలో కారంపూడి వెళ్తే చాప మీద కూర్చుని తినండి. పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి. ఎవరు రాలేదో కూడా చూడండి.