రోబోకు మూడు బిల్లులు

మా బావకు విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం. 2025 నవంబర్‌లో ఓ రాత్రి ఫోన్ చేశాడు. "ఏరా, ఆఫీసులో రోబో పెట్టమంటున్నారు. నువ్వొచ్చి ఏది కొనాలో చూడు" అన్నాడు. నేను చదివింది రాజనీతి శాస్త్రం. రాసేది పార్లమెంట్ సమావేశాల గురించి. ఆ ముక్క చెప్పినా వినలేదు. ఢిల్లీలో ఉండే బావమరిదికి అన్నీ తెలుస్తాయని ఆయన నమ్మకం. శీతాకాల సమావేశాలకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి వారం సెలవు పెట్టి రైలెక్కాను.

రోబో అంటే చేతులూ కాళ్లూ ఉన్న యంత్రం కాదు. రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్, పొట్టిగా ఆర్‌పీఏ. తెర మీద గుమాస్తా ఏ మీట నొక్కుతాడో, ఏ గడిలో ఏ అంకె నింపుతాడో నేర్పితే అలాగే చేసుకుపోయే సాఫ్ట్‌వేర్. పేర్లకు కొదవ లేదు. బుకారెస్ట్‌లో 2005లో పుట్టి, 2021లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకెక్కిన యూఐపాత్. మిహిర్ శుక్లా తదితరులు అమెరికాలో స్థాపించిన ఆటోమేషన్ ఎనీవేర్. ఎస్ఎస్ అండ్ సీ సంస్థ 2022లో కొనేసిన బ్రిటిష్ కంపెనీ బ్లూ ప్రిజమ్. మైక్రోసాఫ్టయితే 2020లో సాఫ్టోమోటివ్‌ను కొని, మరుసటేడే పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌ను విండోస్ 10 వాడేవారికి అదనపు రుసుం లేకుండా ఇచ్చేసింది. మనిషి లేకుండా దానంతటది నడవాలంటే మాత్రం డబ్బు కట్టాల్సిందే.

బావ దగ్గరకొచ్చింది ఇలాంటివి అమర్చిపెట్టే ఏజెంట్లు ముగ్గురు. పేర్లు అనవసరం. మొదటాయన ప్రదర్శన చూసి నేనూ నోరెళ్లబెట్టాను. అచ్చు గుద్దినట్టున్న బిల్లులు ఒకదాని వెంట ఒకటి తెర మీదికి రావడం, అంకెలు వాటంతటవే గడుల్లో కూర్చోవడం. బావ అప్పుడే ధర అడగబోతున్నాడు.

మూలన కూర్చున్న పెద్ద గుమాస్తా గారు లేచారు. ఆ కొట్టులో 24 ఏళ్ల సర్వీసు ఆయనది. సొరుగులోంచి మూడు బిల్లులు తీసి, "ఇవి కూడా ఓసారి ఎక్కించండి" అన్నారు.

మొదటిది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు. రిబ్బన్ వెలిసిపోయి బ్యాచ్ నంబరులో ఉన్నది సున్నాయో ఇంగ్లిష్ 'ఓ' అక్షరమో తెలియదు. రెండో దాని మీద కంపెనీ ప్రతినిధి పెన్నుతో '10+1' అని రాశాడు, అంటే పది డబ్బాలకు ఒకటి ఉచితం. మూడోది 2025 సెప్టెంబర్ 20 నాటిది. సరుకు మాత్రం 24న దిగింది. మధ్యలో 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

రోబో 'ఓ'ను సున్నా చేసింది. పదకొండు డబ్బాలకూ ధర కట్టేసింది. మూడో దానికి 5 శాతం పన్ను వేసి, మొత్తం కలవక ఆగిపోయింది. ఆ ఆగిపోవడం చూసి ఏజెంటు కంగారుపడ్డాడు. నాకు మాత్రం భయమేసింది ఆగకుండా పోయిన ఆ రెండు బిల్లులను చూసి. బ్యాచ్ నంబరు తప్పితే రేపు కాలం చెల్లిన మందును కంపెనీ వెనక్కు తీసుకోదు. ఆ సంగతి తేలేసరికి ఏడాది పడుతుంది.

అక్కణ్నుంచి బ్రోషర్లు పక్కన పెట్టేశాం. వచ్చినవాళ్లందరికీ అవే మూడు బిల్లులు. రెండో ఏజెంటును నేను అడిగిన ప్రశ్న ఒకటే: మీరు నేర్పిన తెర రేపు మారితే ఎవరు సరిచేస్తారు, ఎంతకు? మొదటేడాది లైసెన్సు ధర గడగడా చెప్పిన మనిషి దీనికి మాత్రం "ఆఫీసులో కనుక్కుని చెబుతా" అన్నాడు. ఇంతవరకు చెప్పలేదు.

మూడో ఆయన మరీ ఉత్సాహవంతుడు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్‌కు అడిగే క్యాప్చాను కూడా రోబోయే ఛేదిస్తుందన్నాడు. వచ్చింది మనిషేనా, యంత్రమా అని తేల్చుకోవడానికే కదా ఆ క్యాప్చా పెట్టింది? దాన్ని యంత్రంతో దాటించి, బావ పాస్‌వర్డు కూడా దాని చేతికే ఇవ్వాలట. పైగా పోర్టల్‌తో నేరుగా మాట్లాడేందుకు జీఎస్టీ సువిధ ప్రొవైడర్ల ద్వారా సక్రమమైన దారి ఉండనే ఉంది. రాజమార్గం ఉండగా గోడ దూకడమెందుకు? కాఫీ ఇచ్చి పంపించాం.

ఇంతకీ రోబోకు అప్పగించదగ్గ పని ఏమిటి? అది తెలుసుకోవడానికి రెండు రోజులు గుమాస్తా గారి పక్కన కూర్చుని ఆయన చేసేదంతా రాసుకున్నాను. ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బీ వస్తుంది. సరుకు పంపిన కంపెనీ తన రిటర్నులో బిల్లు చూపకపోతే అందులో కనబడదు. 2022 జనవరి నుంచి అందులో లేని బిల్లుకు పన్ను జమ దక్కదు. వందల వరసలను కొనుగోలు పద్దుతో ఒక్కొక్కటిగా సరిచూడటం యంత్రానికి తగ్గ పనే. కలవని వరస కనబడ్డాక మొదలయ్యేది వేరే పని. ఫలానా కంపెనీ సరుకు ఒక్కోసారి హైదరాబాద్ డిపో నుంచి వస్తుంది. అప్పుడు జీఎస్టీ నంబరు 37తో కాక 36తో మొదలవుతుంది, పన్నూ మారుతుంది. ఇంకో కంపెనీలో మధ్యాహ్నం మూడు దాటితేగానీ అకౌంట్స్ వాళ్లు ఫోనెత్తరు. ఇవి ఏ రిజిస్టర్లోనూ ఉండవు.

ఇవన్నీ రాసుకుంటుంటే వేగులవాడి పని చేస్తున్నానేమో అనిపించింది. రెండో రోజు సాయంత్రం ఆయనే కదిపారు. "నాకింక రెండేళ్లే సర్వీసు బాబూ. నా సంగతి వదిలేయండి. ఆ అమ్మాయి మాటేమిటి?" ఆయన చూపించింది కిందటేడు చేరిన బీకాం అమ్మాయిని. ఆమె పని బిల్లులు ఎక్కించడమే. "నేనూ అలా ఎక్కిస్తూనే నేర్చుకున్నా. అది రోబో చేసేస్తే, నా తర్వాత ఈ మూడు బిల్లులు పట్టుకునేదెవరు?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రి భోజనాల దగ్గర అదే ప్రశ్న బావను అడిగాను. వ్యాపారంలో మిగిలేది ఎంతో, జీతాలకు పోయేది ఎంతో లెక్క చెప్పాడు. ఆయన లెక్క తప్పని అనలేను.

చివరికి ఎవరూ గట్టిగా అమ్మజూపని దాన్నే ఎంచుకున్నాం. గుమాస్తా గారి కంప్యూటర్లోనే, ఆయన నొక్కితేనే నడిచే అటెండెడ్ రకం. పోర్టల్‌లోకి వెళ్లి 2బీ దించుకునేది ఆయనే. దాన్ని పద్దుతో సరిచూసి, కలవనివి విడిగా పెట్టడం వరకే రోబో పని. బిల్లులు ఎక్కించడం ప్రస్తుతానికి ఆ అమ్మాయిదే. 'ప్రస్తుతానికి' అన్నది బావ మాట.

డిసెంబర్ 14 ఆదివారం. మధ్యాహ్నం గుమాస్తా గారు ఢిల్లీకి ఫోన్ చేశారు, సెలవు రోజైనా కొట్టుకు వచ్చారట. "పావుగంటలో అయిపోయింది బాబూ. పదిహేడు కలవలేదు" అన్నారు. మరి ఇంటికెళ్లకుండా ఏం చేస్తున్నారంటే, ఆ పదిహేడూ ఎందుకు కలవలేదో అమ్మాయికి చూపిస్తున్నానన్నారు.