సముద్రం పక్కన నడక

నడవడానికి కాళ్ళుంటే చాలనుకుంటాం. కాళ్ళకంటే ముందు దారి ఉండాలన్న సంగతి మా మన్సూరాబాద్ వాసులకు వేరే చెప్పనక్కర లేదు. ఎల్బీనగర్ కూడలి పెరిగేకొద్దీ ఇక్కడి పొలాలు కాలనీలయ్యాయి. ప్రతి ఇంటి ర్యాంపూ వీధిలోకి రెండడుగులు దిగింది. ర్యాంపు పక్కన కారు, కారు పక్కన ఎవరో కట్టుకుంటున్న మేడకు సంబంధించిన ఇసుక కుప్ప. మిగిలిన సందులోంచి మంచినీళ్ళ ట్యాంకరు.

మా అమ్మకు 64 ఏళ్ళు. చక్కెర వ్యాధి. రోజూ అరగంట నడవాలని వైద్యులు చెప్పి రెండేళ్ళయింది. "మోకాళ్ళు రానివ్వడం లేదురా" అంటూ డాబా మీద నాలుగు చుట్లు తిరిగి కూర్చునేది. మేమూ మోకాళ్ళే కారణమని నమ్మాం.

గత కార్తీకంలో పిన్నిగారిని చూడడానికి అమ్మనూ మా అబ్బాయినీ తీసుకుని భీమిలి ప్రయాణమయ్యాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి విశాఖలో దిగి, రెండు రోజులు అక్కడే ఆగాం. రామకృష్ణా బీచి ఒడ్డున ఉదయం పూట కొంతసేపు వాహనాలను ఆపి, రోడ్డును నడిచేవారికి వదిలేస్తారు. ఈ ఏర్పాటు గురించి విన్నాను గానీ, చూస్తే కలిగే ఆశ్చర్యం వేరు. అంత వెడల్పాటి తారురోడ్డు మీద పసిపిల్లలు స్కేటింగు చేస్తున్నారు, వృద్ధ దంపతులు నట్టనడుమ నడుస్తున్నారు. అమ్మ మొదట అలవాటు కొద్దీ అంచునే నడిచింది. కాసేపటికి ఎవరూ వెనకనుంచి హారన్ కొట్టడం లేదని గ్రహించి మధ్యకు వచ్చింది. 2002 నుంచి ప్రదర్శనశాలగా మారి ఒడ్డున నిలిచిన కుర్సుర జలాంతర్గామి దాకా వెళ్ళాం. తిరిగి వెళ్దామా అంటే, "ఇంకాస్త పోదాం లేరా, సముద్రం ఎక్కడికీ పోదుగా, మనమే పోవాలి" అంది. ఆ పూట గంటా పది నిమిషాలు నడిచింది. మోకాళ్ళ ప్రసక్తి రాలేదు.

విశాఖ నుంచి భీమిలికి దాదాపు 25 కిలోమీటర్ల తీరపు దారి. కుడివైపు సముద్రం, ఎడమవైపు తూర్పు కనుమలు. ఋషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. సుమారు 2000 ఏళ్ళ కిందట ఇక్కడొక బౌద్ధారామం వర్ధిల్లింది. బౌద్ధులకు నడక కూడా ధ్యానమే. దాన్ని చంక్రమణం అన్నారు. సముద్రం కనబడే కొండమీద వాళ్ళు స్థలం ఎన్నుకోవడంలో వింతేముంది?

ఇంకొంచెం ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళుగా గాలీ నీరూ కలిసి పేర్చి, కోసి, ఇనుపరజనుతో ఎర్రబరిచిన ఇసుక. భూవారసత్వ సంపదగా గుర్తింపు పొందిన చోటు. అయినా వాన కోసే కోతకు మనుషులు తవ్వే తవ్వకం తోడయితే ఏమవుతుందో ఊహించడానికి శాస్త్రజ్ఞానం అక్కరలేదు. మా అబ్బాయి సైకిలు లోపలికి తీసుకువెళ్తానన్నాడు. వద్దన్నాను. చక్రం పడితే ఆ మట్టి రాలుతుంది. వాడు సైకిలు బయట పెట్టి, ఉన్న కాలిబాటనే పట్టుకుని నడిచాడు.

భీమిలి చిన్న ఊరు. గోస్తని సముద్రంలో కలిసే చోటు. పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్నం, తర్వాత విశాఖ మహానగరంలో కలిసిపోయింది. పొద్దున్నే వలలు లాగేవాళ్ళ పక్కనుంచి అమ్మా పిన్నీ దీపస్తంభం వైపు నడిచి వెళ్ళేవారు. అబ్బాయి తెల్లగీత అంచున సైకిలు తొక్కేవాడు. ఆ తీరపు దారిలో మేం తిరిగిన మేర సైకిళ్ళకు వేరే బాట లేదు. సెలవు రోజుల్లో కార్ల వేగం చూసి వాణ్ణి ఇంట్లోనే ఉంచాను. ఈ దారి కూడా అందరిదీ కాదని అప్పుడనిపించింది.

తిరుగు ప్రయాణం నాడు అమ్మ పెట్టె సర్దుకోలేదు. "నేనిక్కడే ఉంటానురా కొన్నాళ్ళు" అంది. పిన్ని మాట్లాడలేదు. ముందే అనుకున్నారన్నమాట. అమ్మ లేని ఇల్లు ఊహించుకోవడానికి నాకు కష్టంగానే ఉంది. కానీ రెండు వారాల్లో ఆమె ముఖంలో వచ్చిన తేట చూశాక రమ్మని బలవంతపెట్టే మాట ఎక్కడినుంచి తెచ్చుకోను? కొడుకు ఇల్లా, నడిచే దారా అని ఒక తల్లి ఎంచుకోవలసి రావడం, ఆవిడ తప్పూ కాదు, నా తప్పూ కాదు. ఊరు కట్టిన తీరు.

సముద్రాన్ని మన్సూరాబాద్‌కు తేలేం. ఆ ఉదయపు ఏర్పాటును తేవచ్చు కదా! కాలనీ సమావేశంలో మా వీధిని రోజూ ఆరు నుంచి ఏడున్నర దాకా బళ్ళు లేకుండా ఉంచుదామన్నాను. పాలవాళ్ళూ, స్కూలు బస్సులూ, ట్యాంకర్లూ అంటూ గంటన్నర వాదన జరిగింది. చివరికి ఆదివారాలకు మాత్రం ఒప్పుకున్నారు. తాడు కట్టే బాధ్యత నాకే అప్పగించారు.

ఫోనులో అమ్మకు చెప్పాను.

"వీధి ఎంత పొడుగురా?"

"మూడొందల గజాలు."

కాసేపు లెక్క వేసుకుంది. "ఆదివారం ఒక్కటే అయితే ఎలా? మిగతా రోజులకీ అడుగు. ఉగాదికి వచ్చి చూస్తాను" అంది.